తువ్వాలు ఉన్న ఫోరం

ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నాకు దక్కిన శాలువా ఒక్కటే. టమాటా మార్కెట్లో సూపర్వైజరుగా ఎండకు ఎండి, వానకు తడిసి, కుళ్ళిన కాయల మీద కాలు జారి నడుము విరగ్గొట్టుకున్నందుకు కాదు. కంప్యూటర్లో ఒక ఫోరం పెట్టించినందుకు. అప్పటికి నేను మౌసు పట్టుకుంటే తెర మీద బాణం ఎటు పోయిందో నాకే కనిపించేది కాదు. అయినా శాలువా నాకే కప్పారు.

ఇప్పుడు మార్కెట్ యార్డుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు నన్ను చూడవచ్చినప్పుడు, "మీ కాలంలో ఈ గ్రూపులూ మెసేజీలూ లేవు కదా సార్, హాయిగా ఉండేదేమో" అంటుంటారు. లేకపోవడమేం నాయనా, భేషుగ్గా ఉన్నాయి. మీరిప్పుడు చేసే తప్పులన్నీ మేమూ చేశాం. కాకపోతే టెలిఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్టుతో, అదీ కరెంటు ఉన్నప్పుడు, నిదానంగా చేశాం. అందులో ఒకటి చెబుతాను. మీకు పనికొస్తుందో లేదో తెలియదు గానీ, చెప్పుకుంటే నాకు కాస్త బరువు తగ్గుతుంది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళు గడిచిన కాలం. కర్నూలు జిల్లాలో పడమటి వైపు ఒక చిన్న ఊరు. పత్తికొండ మార్కెట్‌తో మాకు పోటీ అని మేం అనుకునేవాళ్ళం. ఆ సంగతి పత్తికొండ వాళ్ళకు తెలియదు. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు అసలే రాయను. అందరూ బతికే ఉన్నారు, నేను ఇంకా ఆ దారిన బస్సులో పోవాల్సినవాణ్ణి.

ఆ మార్కెట్ గురించి ముందే ఒక సంగతి చెప్పాలి. వేలంపాట పైకి బహిరంగంగానే జరిగేది. రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే మండీ యజమాని గొంతెత్తి పాడేవాడు, రైతు వినేవాడు, నేను పక్కన నిలబడి తల ఊపేవాణ్ణి. అసలు బేరం మాత్రం అంతకు ముందే తువ్వాలు కింద అయిపోయేది. మండీ యజమానీ, పక్క రాష్ట్రం నుంచి లారీతో వచ్చిన కొనుగోలుదారూ ఎదురెదురుగా నిలబడి, చేతులు కలిపి, వాటి మీద తువ్వాలు కప్పుకునేవారు. ఇన్ని వేళ్ళు పట్టుకుంటే ఇంత రేటు, అరచేతిలో గోటితో గీస్తే అందులో సగం. పిడికిలి మూస్తే ఈ పూటకు బేరం లేదని అర్థం. అసలు చెయ్యే అందుకోకపోతే, ఆ మనిషితో ఇక ఎప్పటికీ బేరం లేదని. లోపల ఇంత జరుగుతుంటే పైన ఇద్దరూ వానల గురించో మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. పశువుల సంతలో ఉన్న ఆచారం టమాటాల దాకా వచ్చింది.

తువ్వాలు కింద జరిగింది బయట చెప్పకూడదు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, అయినా అందరూ పాటించే రూలు ఇదొక్కటే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొకసారి పొరపాటున నోరు జారాను. ఆ తర్వాత చాలా నెలలు మార్కెట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. నేను వస్తుంటే టీ కొట్టు దగ్గర నవ్వులు ఆగిపోయేవి. అప్పటినుంచి నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాను. దాన్నే అనుభవం అని కూడా అనుకున్నాను.

ఇట్లా ఉండగా కర్నూలు నుంచి ఒక కాగితం వచ్చింది. కొత్తగా వచ్చిన పై అధికారి హైదరాబాదులో ఏదో శిక్షణకు పోయి వచ్చాడు. ప్రతి యార్డూ ఆన్‌లైన్‌లో ఒక చర్చావేదిక పెట్టాలట. రైతులు, వ్యాపారులు, అధికారులు అందులో అందరి ముందూ మాట్లాడుకోవాలట. ఏ సాఫ్ట్‌వేరు పెట్టుకోవాలో యార్డు స్థాయిలో కమిటీ వేసుకొని ఎంపిక చేసుకోవాలి, కమిటీలో ఒక మహిళా రైతు తప్పనిసరిగా ఉండాలి అని రాసి ఉంది.

మా కమిటీలో నలుగురం. నేను అధ్యక్షుణ్ణి. రెండోవాడు మండీ సంఘం పెద్ద. తాతల కాలం నుంచి వ్యాపారం చేసే ఇంటివాడు, తెల్లని పంచె, భుజం మీద ఎర్రంచు తువ్వాలు, మాట మహా తియ్యన. మూడో మనిషి మా కంప్యూటర్ ఆపరేటరు. కర్నూల్లో కోర్సు చేసి మా ఊరికి కోడలుగా వచ్చిన ముస్లిం అమ్మాయి. యార్డు మొత్తానికి కంప్యూటరు తెలిసింది ఆమెకొక్కదానికే కాబట్టి కమిటీలో ఆమె మాటకు విలువ లేదు. నాలుగో మనిషి మహిళా రైతు. మాకు నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె ఆమెది. బోరు కింద ఎకరన్నర టమాటా. నలభై ఏళ్ళుంటాయి, ఎనిమిదో తరగతి దాకా చదివింది. కాయ ఎప్పుడు కోయాలో, ఏ మండీకి వేయాలో ఆమె చెబితే ఆ పల్లెలో ఇంకో ఐదిళ్ళవాళ్ళు వినేవారు.

ఆపరేటరు రెండు సాఫ్ట్‌వేర్లు దించింది. రెండూ ఉచితమే. మొదటిది చాలా సాదా. ఒకరు ప్రశ్న వేస్తారు, కింద జవాబులు వస్తాయి, ఎవరు ఏం రాసినా అందరికీ కనిపిస్తుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. రెండోది పెళ్ళిపందిరి. రంగులు, నవ్వే బొమ్మలు, పేరు కింద నక్షత్రాలు, దేవుడి పటం పెట్టుకునే సదుపాయం, ఎవరెన్ని మెసేజీలు రాశారో లెక్క.

కరెంటు పోయి వచ్చి, టెలిఫోను లైను కాసేపు కూసి ఊరుకున్నాక, ఆమె రెండూ చూపించింది. మండీ పెద్ద మొదటిదాన్ని శ్రద్ధగా చూసి గడ్డం గోక్కున్నాడు.

"సూపర్వైజరప్పా, శానా బాగుండాది. అంతా బాగుండాది గానీ, దీంట్లో తువ్వాలు యాడుండాది?"

ఆపరేటరు పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన పరాచికానికి అడగలేదని నాకు తెలుసు.

"నవ్వుతావేందమ్మా? నలుగురిలో నిలబడి రేటు అరిచేదానికి మేమేమన్న చాటింపు వేసేవాల్లమా? నాకూ ఇంగొగాయనకూ మధ్యన ఒక మాట ఉంటాది. అది యాడ చెప్పుకోవాల?"

ఆమె రెండోదాన్ని తెరిచింది. "ఈడ ఉండాది పెద్దాయనా. ప్రైవేటు మెసేజీ అంటారు. ఇట్ల పంపితే మీ ఇద్దరికే కనపడతాది, ఇంకెవరికీ కనపడదు."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదే గదప్పా తువ్వాలు! ఇది పెట్టు. మావోల్లందరినీ నేను చేర్పిస్తా."

అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్న మహిళా రైతు మెల్లగా అడిగింది. "సార్, నాదొక మాట. నేనేమన్నా అడిగితే అందరికీ కనపడతాదా?"

"కనపడుతుందమ్మా."

"జవాబు గూడా అందరికీ కనపడతాదా?"

"రాసేవాళ్ళ ఇష్టం" అన్నాను. ఎంత పెద్ద మాట అన్నానో అప్పుడు నాకు తెలియదు. ఆమె తల ఊపి, తీర్మానం కింద ఒక్కో అక్షరం గుండ్రంగా రాస్తూ సంతకం చేసింది.

అందరూ పోయాక ఆపరేటరు నా గదిలోకి వచ్చింది. "సార్, ఆ తువ్వాలు లేనిదే పెడదాం. ఉంటే అందరూ దాంట్లోనే దూరుతారు. బైట ఎవరుంటారు? బేకార్ అయిపోతాది సార్."

"వాళ్ళు అసలు చేరకపోతే ఫోరం ఎవరికమ్మా? నువ్వూ నేనూ రాసుకుందామా?" అన్నాను. మహా లోకజ్ఞానం ఉన్నవాడిలా అన్నాను. "సకల సదుపాయాలు గలది" అని ఫైల్లో రాసి రెండోదాన్నే ఖాయం చేశాను.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. సభ్యులందరికీ ఖాతాలు తెరిచాం. వ్యాపారులు వాళ్ళ పాస్‌వర్డులు వాళ్ళే పెట్టుకున్నారు. మిగిలినవి, మహిళా రైతు కోసం తెరిచిన "రైతు ప్రతినిధి" అనే ఖాతాతో సహా, భద్రత కోసమని కాగితం మీద రాయించి, కవర్లో పెట్టి, లక్కతో సీలు వేసి నా సొరుగులో దాచాను. పరీక్ష పేపర్లకు కూడా అంత బందోబస్తు ఉండదు. ఆమె అడగదలచుకున్నది ఆపరేటరే ఆఫీసు ఖాతా నుంచి రాసిపెట్టేది.

ఫోరం మొదలైంది. మండీ పెద్ద మాట నిలబెట్టుకున్నాడు, వ్యాపారులందరూ చేరారు. పైకి కనిపించే పేజీలో రోజూ శుభోదయాలు, గులాబీలు, దేవుళ్ళ పటాలు, "మన మార్కెట్ మన గౌరవం" అనే వాక్యం. లోపల, ప్రైవేటు మెసేజీల్లో, బ్రహ్మాండమైన సందడి. పక్కపక్క అరుగుల మీద కూర్చునే ఇద్దరు మండీవాళ్ళు లేచి వచ్చి మా కంప్యూటర్ గదిలో వరసలో నిలబడి ఒకరికొకరు మెసేజీలు పంపుకునేవారు. ఒకాయనకు ఆపరేటరు మీద కూడా నమ్మకం లేదు. తువ్వాలు తీసి, తన తలనూ కంప్యూటర్ తెరనూ కలిపి కప్పేసుకొని, పాతకాలపు ఫొటోగ్రాఫరులా లోపల టకటకా కొట్టేవాడు. ఆపరేటరు కొంగు నోట్లో కుక్కుకొని బయటికి పరుగెత్తేది.

కర్నూలు అధికారికి మాత్రం లెక్క కనిపించేది. లోపల ఏముందో ఆయనకు తెలియదు, ఎన్ని ఉన్నాయో తెలుసు. ఫోను చేసి, "జిల్లాలో మీ యార్డే ఫస్టండీ! ఎట్లా చైతన్యపరిచారు వీళ్ళని?" అన్నాడు. "ఏదో సార్, మీ ప్రోత్సాహం" అన్నాను. ఆ రోజు ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇక అసలు రోజు.

అది ఎండాకాలం మొదట్లో. మధ్యాహ్నం ఆపరేటరు భోజనానికి పోయినప్పుడు నేనే తంటాలు పడి నా ఖాతా తెరిచాను. మండీ పెద్ద నుంచి ప్రైవేటు మెసేజీ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కూడబలుక్కొని చదివాను. పక్క రాష్ట్రంలో లారీలవాళ్ళు బండ్లు ఆపేశారు, రేపు మన మార్కెట్‌కు రెండే లారీలు వస్తాయి, రైతులకు తెలిస్తే కాయ కోయరు, ఉన్న రెండు లారీలకు సరుకు అగ్గువగా దొరకాలంటే ఈ మాట బయట పడకూడదు, నువ్వు మనోడివి కాబట్టి నీ చెవిన వేస్తున్నా. చివర ఒక నవ్వే బొమ్మ.

టమాటా సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క. దోరకాయ చెట్టు మీద ఉంటే రెండు మూడు రోజులు ఆగుతుంది. కోసి గంపలో పోశాక ఆగదు. కాబట్టి రేపు లారీలు లేవన్న కబురు ఈ రోజే అందితే రైతు బతికినట్టే.

నేను తెర మూసేసి లేచానో లేదో, గుమ్మంలో ఆ మహిళా రైతు. ఆ ఉదయం చిన్న కోత కాయ తెచ్చి అమ్ముకొని ఇంటికి పోతూ వచ్చింది.

"సార్, రేపు పెద్ద కోత పెట్టుకున్యా. కూలోల్లను పిల్చినా. బోర్లో నీల్లు సన్నగిల్లినాయి, ఇంగ మీద కోతలు ఉంటాయో ల్యాదో. ఈ ఏడాదికి నా పంట ఈ ఒక్క కోతే అనుకో. నన్ను చూసి ఇంగో ఐదిండ్లోల్లు గూడా కోస్తాండారు. రేపు లారీలు బాగా వస్తాయి గదా సార్?"

నా ఎదురుగా నిలబడి, నా మొహంలోకి చూస్తూ అడిగింది. నాకు తెలుసు. క్షణం కిందటే తెలిసింది. "రావమ్మా" అంటే అయిపోయేది, ఒక్క మాట. అది నోటిదాకా వచ్చింది కూడా. కానీ తువ్వాలు కింద తెలిసిన మాట. టీ కొట్టు దగ్గర ఆగిపోయిన నవ్వులు గుర్తొచ్చాయి. వ్యాపారులు అలిగి ఫోరం నుంచి వెళ్ళిపోతే కర్నూలుకు ఏం లెక్క చూపించాలి అనేది కూడా గుర్తొచ్చింది. నీళ్ళు నమిలాను. నమిలి, ఇట్లా అన్నాను:

"ఫోరంలో అడగమ్మా. అందుకే కదా పెట్టుకున్నది."

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. ఆమె మాత్రం, "అవును గదా, మర్చేపోయినా" అని నవ్వింది. భోజనం నుంచి తిరిగొచ్చిన ఆపరేటరుతో ప్రశ్న రాయించింది. సాయంత్రం వాళ్ళ ఊరి రూపాయి డబ్బా ఫోను నుంచి చేసి జవాబు కనుక్కుంటానని చెప్పి ఆటో ఎక్కింది.

ఆటో కదిలాక నాకు మనసులో మనసు లేదు. గదిలో అటూ ఇటూ తిరిగాను. చివరికి ఒక ఉపాయం తట్టింది. ఉపాయం అని నేననుకున్నాను. ఫోరంలోనే "రైతు ప్రతినిధి" ఖాతాకు, ఆపరేటరు పక్కన లేని సమయం చూసి, నేనే తంటాలు పడి ఒక ప్రైవేటు మెసేజీ పంపాను. "రేపటి కోత వాయిదా వేసుకొనుట శ్రేయస్కరం." నా ఆఫీసు భాష నాకు ఉండనే ఉంది. ఆమెకు కబురు అందుతుంది, మండీవాళ్ళకు నేను చెప్పినట్టు తెలియదు. ఇద్దరికీ మంచివాణ్ణి. చేతులు దులుపుకొని, టీ తెప్పించుకొని తాగి, అయిదు గంటల బస్సుకు ఇంటికి పోయాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా, సిగ్గు లేకుండా.

నేను పోయాక జరిగింది మర్నాడు ఆపరేటరు చెప్పింది. కంప్యూటర్ గది మూసే వేళకు ఆ మహిళా రైతు ఫోను చేసిందట. ఆపరేటరు పేజీ తెరిచి ప్రశ్న కింద ఉన్న జవాబులు చదివిందట. ఒకటి గులాబీ పువ్వు, శుభ సాయంత్రం. రెండోది, మన మార్కెట్ మన గౌరవం.

"వద్దని ఎవరూ అనలేదక్కా" అందట ఆపరేటరు.

"సారు ఏమన్నా రాసినాడా?"

"సారు కూడా ఏం రాయలేదక్కా."

"అయితే వస్తాయిలే పాపా. రాకపోతే సారు చెప్పకుండా ఉంటాడా?"

మర్నాడు తెల్లారేసరికి యార్డు నిండిపోయింది. ఆటోలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు. గేటు దాటి రోడ్డు మీద దాకా గంపలే గంపలు, అంతా ఎర్రగా ఉంది. లారీలు రెండే. తువ్వాళ్ళు పైకి లేచాయి, దిగాయి. కాసేపటికి ఆ రెండు లారీలూ నిండాయి. ఏ రేటుకు నిండాయో చెప్పను, చెబితే మీరు నమ్మరు. మిగిలిన కాయకు పాడేవాడు లేడు. పది గంటల ఎండకు కింది గంపల్లోంచి రసం కారడం మొదలైంది.

జనంలో నేను ఆమెను చూశాను. ఆరిళ్ళ గంపలు వరసగా పేర్చి, వాటి ముందు నిలబడి ఉంది. వెనక ఐదుగురు ఆడవాళ్ళు. నాకు కోపం వచ్చింది. చెప్పాను కదా, చెప్పినా వినకపోతే నేనేం చేసేది అని.

కాసేపటికి ఆమే నా గదికి వచ్చింది. ఆ ఐదుగురూ వరండాలో నిలబడ్డారు. మండీ పెద్ద అప్పటికే నా గదిలో కుర్చీ వేసుకొని కూర్చొని చల్లని మజ్జిగ తాగుతున్నాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు.

"సార్, నువ్వు గూడా చెప్పకపోతివే" అంది.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "చెప్పకపోవడమేందమ్మా! నీ ఖాతాకే రాశాను. నువ్వు చూసుకోకపోతే నాదా తప్పు?" మండీ పెద్ద గ్లాసు కిందపెట్టి నావైపు చూశాడు. ఆవేశంలో నేనది పట్టించుకోలేదు. ఆపరేటరును కేకేశాను. "అమ్మా, రైతు ప్రతినిధి ఖాతా తెరిచి చూపించు ఈమెకు."

ఆపరేటరు వచ్చి, నన్ను ఒకసారి చూసి, మెల్లగా అంది. "ఆ పాస్‌వర్డు నా దగ్గర లేదు సార్. మీ సొరుగులో ఉండాది. మీరే సీలేసినారు."

నేను తాళంచెవి తీసి, సొరుగు లాగి, కవరు బయటికి తీశాను. లక్క ముద్ర చెక్కు చెదరలేదు. చింపాను. ఆపరేటరు ఆ కాగితం చూసి పాస్‌వర్డు కొట్టింది. తెర మీద, చదవని సందేశం ఒకటి అని వచ్చింది. తెరిచి పైకి చదివింది. "రేపటి కోత వాయిదా వేసుకొనుట శ్రేయస్కరం."

"ఇది ఎప్పుడు రాసినావు సార్?"

"నిన్న మధ్యాహ్నం. నువ్వు పోయిన వెంటనే."

"అంటే నేను ఈడ నిలబడి అడిగినప్పుడే నీకు తెల్సు."

నేను తల వంచుకున్నాను.

"నిలబడి అడిగితే నోటితో చెప్పల్యాకపోతివి. ఈ పెట్టెలోపల పెట్టి, బీగం చెవి నీ దగ్గరే పెట్టుకుంటివి. మల్ల చెప్పినా అంటాండావు." వరండాలో ఉన్న వాళ్ళ వైపు చూపించింది. "నా మాట మీద కోసినారు సార్ వాల్లు. వాల్లకు నేనేం చెప్పాల?"

మండీ పెద్ద లేచి, "పోనీలేమ్మా, దేవుడున్నాడు" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడనుకూడా లేదు. నా బల్ల దగ్గరికి వచ్చింది.

"చెయ్యి ఇటియ్యి సార్. మీకు అర్థమయ్యేటట్ల చెప్తా."

నేను చెయ్యి చాచాను. ఎందుకు చాచానో తెలియదు, అప్పుడామె ఏమడిగినా ఇచ్చేవాణ్ణి. ఆమె తన పైట కొంగు తీసి నా చేతి మీద కప్పింది. నీరుకావి రంగు నూలు చీర, కొంగు చివర టమాటా చెట్ల పసర మరక. ఆ బట్ట కింద నా చెయ్యి తెరుచుకొని ఉంది. ఏ వేలు పట్టుకుంటుందో అని ఎదురుచూశాను. గోటితో గీరుతుందేమో, రక్తం వచ్చేట్టు గిల్లుతుందేమో అనుకున్నాను. అట్లా చేసినా బాగుండేది. ఎంతసేపటికీ ఏమీ తగల్లేదు. తలెత్తి చూస్తే ఆమె రెండు చేతులూ పక్కకే ఉన్నాయి. నా చేతిని ఆమె అందుకోలేదు.

కొంగు తీసి భుజం మీద వేసుకొని ఆమె వెళ్ళిపోయింది. వరండాలో ఉన్నవాళ్ళు వెనకే పోయారు. గంపలు మళ్ళీ బండి ఎక్కించుకొని, ఊరి బయట గొర్రెల మందల ముందు పోసిపోయారని తర్వాత విన్నాను. ఆమె ఇక మా యార్డులో కాలు పెట్టలేదు. తర్వాతి కోతలు వచ్చాయో లేదో, వస్తే పత్తికొండకు తీసుకుపోయిందో, నాకు ఎవరూ చెప్పలేదు. అడిగే మొహం నాకూ లేదు.

ఆ మధ్యాహ్నం నేను ఆపరేటరు పక్కన కుర్చీ లాక్కొని కూర్చున్నాను. మండీ పెద్ద నాకు పంపిన మెసేజీని, నేను రైతు ప్రతినిధికి పంపినదాన్ని, రెండింటినీ అందరికీ కనిపించే పేజీలో, ఆమె ప్రశ్న కిందే, నా పేరుతో పెట్టించాను. ఆలస్యమైన మగతనం. ఆపరేటరు అంతా కొట్టి, చివర మీట నొక్కేముందు, "ఖాయమేనా సార్?" అని అడిగింది. ఖాయమేనన్నాను.

సాయంత్రానికి మండీ పెద్ద వచ్చాడు. కోపపడలేదు. "తువ్వాలు లాగేస్తివే సూపర్వైజరప్పా" అన్నాడు, ఇంట్లో చావు కబురు చెప్పినంత నెమ్మదిగా. వారం తిరిగేసరికి వ్యాపారులందరూ ఫోరం ఖాళీ చేశారు. శుభోదయాలు కూడా ఆగిపోయాయి. ఆపరేటరు మొదట చూపించిన ఆ సాదా సాఫ్ట్‌వేరును పెట్టమన్నాను. ఆమె పెట్టింది. "అప్పుడే చెప్పినా కదా సార్" అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది. దాంట్లో ప్రతి సాయంత్రం రేపు లారీలు ఎన్ని వస్తాయో నాకు తెలిసింది తెలిసినట్టు రాయించేవాణ్ణి. నాకు తెలిసేది కూడా తగ్గిపోయింది, ఎందుకంటే నాకిక ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. గేటు దగ్గర నిలబడి లారీ డ్రైవర్లను అడిగి రాయించేవాణ్ణి. ఎవరు చదివారో తెలియదు.

ఈ గొడవంతా జరగకముందే నా పాత లెక్క కర్నూలు చేరింది. జిల్లాలో అత్యధిక సందేశాలు మా యార్డువే. రెండు నెలల తర్వాత నన్ను సన్మానానికి పిలిచారు. పోనని అనలేకపోయాను. పై అధికారి పిలిచినప్పుడు పోనని అనడం నేను ఉద్యోగంలో నేర్చుకోలేదు.

కర్నూల్లో ఒక పెద్ద హాలు, ఫ్యాన్ల చప్పుడు, ముందు వరసలో అధికారుల భార్యలు. ఆయన మైకులో, "రైతుకూ వ్యాపారికీ మధ్య అడ్డుతెర తొలగించిన ఉద్యోగి" అని నా గురించి చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను ఏదో చెప్పాలని నోరు తెరిచాను, ఈలోపు శాలువా తెచ్చారు. మంచి శాలువా, జరీ అంచు, ఎర్రది. భుజాల చుట్టూ తిప్పి ముందుకు కప్పేసరికి రెండు చేతులూ లోపల పడిపోయాయి. ఆ చీకట్లో నా కుడి అరచెయ్యి దానంతటది తెరుచుకుంది. ఎవరో వేలు పట్టుకోవాలన్నట్టు అట్లాగే నిలబడ్డాను.

అధికారి నవ్వుతూ చెయ్యి చాచాడు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తి, మళ్ళీ దించాడు.

"సార్, చెయ్యి బైటికి తియ్యండి సార్. లోపల పెట్టుకుంటే ఎవురికీ కనపడదు."